డిసెంబరు పుట్టినరోజు ఇంట్లోనే: పన్నెండు మందికి వంట, ఒక్క ప్రయోగం, రెండు పొయ్యిలు

ఇంట్లో పుట్టినరోజు చేద్దామనుకునేవాళ్ళు ఎక్కువగా అడిగేవి రెండు: ఏం వండాలి, ఎంత వండాలి. తీరా ఆ రోజు తడబడేది మూడోదాని దగ్గర. ఏది ముందు, ఏది వెనక? మధ్యాహ్నం ఒంటిగంటకు కూడా విస్తళ్ళు పడలేదంటే చాలాసార్లు వంట రాక కాదు, పొయ్యి ఖాళీ లేక.

కింది కొలతలన్నీ ఎనిమిది మంది పెద్దలకు, నలుగురు పిల్లలకు. చెంచా అంటే టీ చెంచా, పెద్ద చెంచా అంటే దానికి మూడింతలు.

1. ముందు క్యాలెండర్ చూడండి

డిసెంబరులో తేదీ కంటే వారం ముఖ్యం. మార్గశిర గురువారాలు ఎక్కువగా ఈ నెలలోనే పడతాయి. ఆ రోజు చాలా ఇళ్ళల్లో నీచు వండరు. విశాఖలో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి జనం పోటెత్తుతారు కాబట్టి వన్‌టౌన్ వైపు, పూర్ణా మార్కెట్ వైపు పొద్దున్నే సరుకులకు వెళ్ళే పని పెట్టుకోకండి. బుధవారమే తెచ్చేసుకోండి.

పిలిచేవాళ్ళలో అయ్యప్ప మాలలో ఎవరున్నారో ఫోనులోనే అడగండి. స్వాములకు ముందుగా, వేరే గిన్నెల్లో వండి, వడ్డించిన తరవాతే మిగతా పొయ్యి వెలిగించడం మర్యాద. ఉల్లి, వెల్లుల్లి సంగతి కూడా అప్పుడే కనుక్కోండి.

ఇంకొకటి, వాయుగుండం. బంగాళాఖాతంలో తుపాను హెచ్చరిక ఉంటే పడవలు వేటకు వెళ్ళవు, హార్బరులో సరుకు తగ్గి ధర ఎక్కుతుంది, కరెంటూ పోవచ్చు. అలాంటి వారమైతే మిక్సీ పనులు ముందురోజే ముగించండి. బిర్యానీలోకి రొయ్యలకు బదులు కాలీఫ్లవర్, పచ్చి బఠాణీ మనసులో పెట్టుకోండి. రెండూ ఈ నెలలో బాగుంటాయి.

2. ప్రయోగం ఒక్కటే, అదీ ముందే చేసి చూసినది

పుట్టినరోజు బల్ల మీద కొత్త వంట ఒక్కటి చాలు. మిగతావన్నీ మీ చేయి తిరిగినవే ఉండాలి. కొత్త కేకు, కొత్త బిర్యానీ, కొత్త స్వీటు ఒకే రోజు పెట్టుకుంటే ఏది చెడినా సరిదిద్దే తీరిక ఉండదు.

ఈ మార్గదర్శిలో ప్రయోగం రాగి-బెల్లం కేకు. ఓవెన్ అక్కర్లేదు, గుడ్డు పడదు, అనకాపల్లి బెల్లం పక్కనే దొరుకుతుంది. అరకు వెళ్ళొచ్చిన ఉత్సాహంతో అపార్ట్‌మెంటు డాబా మీద బొంగులో చికెన్ చేద్దామని కొందరు అడుగుతుంటారు. వద్దు. పచ్చి వెదురు, నిప్పుల కుప్ప, పైఅంతస్తు గాలి, చుట్టూ పిల్లలు. అది అరకులోనే తినండి.

3. చలి వల్ల మారేవి

విశాఖ చలి లంబసింగి చలి కాదు. అయినా తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గరకు దిగితే వంటింట్లో కొన్ని లెక్కలు మారిపోతాయి.

- పెరుగు: వేసవిలో 5-6 గంటల్లో తోడుకునేది ఇప్పుడు 8-10 గంటలు తీసుకుంటుంది. పాలు వేలు పెడితే ఓర్చుకోగలిగేంత వేడిగా ఉన్నప్పుడు, మామూలుకు ఒకటిన్నర రెట్లు తోడు వేసి, గిన్నెకు తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెట్టండి.
- కొబ్బరినూనె: 24 డిగ్రీల దగ్గర పేరుకుపోతుంది. కేకులో వాడితే చల్లటి పెరుగు తగలగానే గడ్డలు కడుతుంది. పొద్దుతిరుగుడు నూనె వాడండి.
- పప్పు నానడం: చన్నీళ్ళలో గంట ఎక్కువ పడుతుంది. గోరువెచ్చని నీళ్ళు పోస్తే ఆ గంట కలిసొస్తుంది.
- చాక్లెట్ పూత: మే నెలలో కారిపోయేది డిసెంబరులో బయట పెట్టినా గంటలో బిగుస్తుంది. ఇంటి కేకుకు విశాఖలో ఇంతకంటే మంచి నెల లేదు.

4. సరుకుల చీటీ

- పరమాన్నం: బియ్యం 200 గ్రాములు, పెసరపప్పు 50 గ్రాములు, పాలు లీటరున్నర, బెల్లం 350 గ్రాములు, నెయ్యి 75 గ్రాములు, జీడిపప్పు 50 గ్రాములు
- గారెలు: మినపగుళ్ళు అరకిలో (35-40 గారెలు వస్తాయి), నూనె లీటరు
- బిర్యానీ: పాత బాస్మతి 1.25 కిలోలు, తలా పొట్టూ ఉన్న రొయ్యలు 2.25 కిలోలు, ఉల్లిపాయలు 750 గ్రాములు, పెరుగు 250 గ్రాములు, టమాటా 2, పచ్చిమిర్చి 10, అల్లంవెల్లుల్లి ముద్ద 4 పెద్ద చెంచాలు, పుదీనా, కొత్తిమీర చెరో పెద్ద కట్ట
- పక్కన: చిక్కుడుకాయలు కిలో, పెరుగుపచ్చడికి పెరుగు కిలో
- కేకు: 5వ అంకెలో ఉంది
- సాయంత్రానికి: మరమరాలు అరకిలో, వేయించిన వేరుశెనగలు 200 గ్రాములు, ఉల్లి, టమాటా, నిమ్మకాయలు
- గ్యాస్: రెండో సిలిండర్ నిండుగా ఉందో లేదో ఎత్తి చూడండి

కూరగాయలు ముందురోజు రైతుబజారులో పొద్దున్నే తీసుకోండి. చిక్కుడుకాయ గింజ ముదరనిది, విరిస్తే టక్కున విరిగేది ఏరుకోండి.

5. ప్రయోగం: కుక్కర్‌లో రాగి-బెల్లం కేకు

*కావలసినవి (7 అంగుళాల గుండ్రటి టిన్నుకు)*

- గోధుమపిండి 140 గ్రాములు, రాగిపిండి 60 గ్రాములు
- తురిమిన బెల్లం 170 గ్రాములు, నీళ్ళు 60 మి.లీ.
- పుల్లటి పెరుగు 200 గ్రాములు, నూనె 90 మి.లీ.
- బేకింగ్ పౌడర్ 1 చెంచా, వంటసోడా అర చెంచా, ఉప్పు చిటికెడు, యాలకుల పొడి అర చెంచా
- పాలు 2-4 పెద్ద చెంచాలు, అవసరమైతేనే
- పూతకు: డార్క్ చాక్లెట్ 150 గ్రాములు, ఫ్రెష్ క్రీమ్ 100 మి.లీ.

రాగిపిండి మూడో వంతు దాటనివ్వకండి. రాగిలో జిగురు ఉండదు, ఎక్కువైతే కోసేటప్పుడు ముక్క పొడిపొడిగా రాలిపోతుంది.

*చేసే వరుస*

1. పెరుగు గంట ముందు ఫ్రిజ్ నుంచి తీయండి. రాగిపిండి అందులో కలిపి అరగంట నాననివ్వండి. ఈ మెట్టు దాటేస్తే కేకు తింటుంటే ఇసుక తగిలినట్టుంటుంది.
2. బెల్లం నీళ్ళలో సన్నటి సెగ మీద కరిగించి, పాకం రానివ్వకుండా దించి వడకట్టండి. అడుగున నలుసు, చెరకు పీచు కనబడతాయి. పూర్తిగా చల్లారాలి.
3. కుక్కర్ అడుగున అంగుళం మందాన ఉప్పు పోసి, దాని మీద స్టాండు పెట్టండి. మూతకు రబ్బరు, వెయిట్ రెండూ తీసేయండి. మధ్య సెగ మీద 10 నిమిషాలు వేడి చేయండి. నీళ్ళు పోయకూడదు. పాత కుక్కర్ ఉంటే దీనికి అదే వాడండి, ఎండు వేడికి లోపల రంగు మారుతుంది. ఆ ఉప్పు వంటకు పనికిరాదు గానీ, మళ్ళీ కేకుకు పనికొస్తుంది.
4. టిన్నుకు నూనె రాసి, అడుగున బటర్ పేపర్ వేయండి. టిన్ను చుట్టూ వేలు దూరేంత సందు ఉండాలి. లేకపోతే వేడిగాలి పైకి రాదు, పైభాగం పచ్చిగా ఉండిపోతుంది.
5. గోధుమపిండి, బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు, యాలకుల పొడి రెండుసార్లు జల్లించండి.
6. పెరుగు-రాగి ముద్దలో నూనె, బెల్లం నీళ్ళు కలపండి. జల్లించిన పిండి మూడు విడతల్లో వేసి, పొడి కనబడకుండా పోగానే ఆపేయండి. గరిటెతో ఎత్తి వదిలితే తెగకుండా జారాలి. ఇడ్లీపిండికి దగ్గరగా ఉంటుంది. గట్టిగా ఉంటేనే పాలు.
7. వెంటనే టిన్నులోకి, టిన్ను కుక్కర్‌లోకి. సోడా పెరుగుతో కలిసిన క్షణం నుంచి బుడగలు పుడుతుంటాయి. ఫోను మాట్లాడి వచ్చేలోపు సగం పోతాయి.
8. 5 నిమిషాలు మధ్య సెగ, తరవాత సన్నటి సెగ మీద 40-45 నిమిషాలు. మొదటి 35 నిమిషాలు మూత తీయకండి. పుల్ల గుచ్చితే తడిపిండి అంటకూడదు.
9. టిన్నులోనే 15 నిమిషాలు ఉంచి బోర్లించండి. పూర్తిగా చల్లారాక గుడ్డ చుట్టి స్టీలు డబ్బాలో పెట్టండి. ఈ కేకు మర్నాటికే రుచి. అందుకే ముందురోజు సాయంత్రం చేసేయాలి.

*చేసి చూసే రోజు.* వారం ముందు పైకొలతల్లో సరిగ్గా సగం తీసుకుని 5 అంగుళాల టిన్నులో చేయండి. 5 అంగుళాల టిన్ను వైశాల్యం 7 అంగుళాల దానిలో సగమే కాబట్టి పిండి ఎత్తు ఒకేలా వస్తుంది. కాలేది 30-35 నిమిషాల్లో. 25 నిమిషాల దాకా మూత జోలికి పోకండి. మీ పొయ్యి సన్నటి సెగ ఎంత సన్నమో ఆ రోజే తెలుస్తుంది. ఆ మంట ఎత్తు గుర్తుపెట్టుకోండి. అసలు రోజుకు కావలసింది అదే.

*చెడితే ఎందుకు?*

- మధ్యలో కుంగింది: మూత తొందరగా తీశారు, లేదా సోడా ఎక్కువైంది.
- పైన గుట్టలా లేచి పగిలింది: సెగ ఎక్కువ.
- అడుగు మాడింది, పైన పచ్చి: ఉప్పు పొర పలచన, లేదా స్టాండు మరిచారు.
- పిట్టులా బరువుగా ఉంది: ఎక్కువ కలిపారు, లేదా కలిపాక ఆగారు.
- సబ్బు వాసన: పెరుగు పులవలేదు. చలిలో ఇది మామూలే. చెంచా నిమ్మరసం వేస్తే సరి.

పూత వేయడం మర్నాడు భోజనాలయ్యాక. క్రీమ్ అంచుల్లో ఆవిరి రాగానే దించి, తరిగిన చాక్లెట్ మీద పోసి, 2 నిమిషాలు కదపకుండా ఉంచి, మధ్యనుంచి తిప్పండి. విరిగినట్టు నూనె తేలితే చెంచా చొప్పున గోరువెచ్చని పాలు పోస్తూ తిప్పండి, కలిసిపోతుంది.

6. ముందురోజు సాయంత్రానికి అయిపోవాల్సినవి

- కేకు కాల్చడం
- బిర్యానీకి అరకిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి వేయించి, కాగితం మీద ఆరబెట్టి డబ్బాలో పెట్టడం. మిగతా పావుకిలో తరిగి ఫ్రిజ్‌లో
- అల్లంవెల్లుల్లి ముద్ద, గరం మసాలా
- చిక్కుడుకాయలు ఈనెలు తీయడం. ఇది టీవీ ముందు కూర్చున్నవాళ్ళకు అప్పజెప్పే పని
- పెరుగు తోడు పెట్టడం
- బెల్లం తురమడం. కొత్త బెల్లం తడిగా ఉంటుంది, పొడి చేస్తే ముద్దవుతుంది. తురిమితేనే కొలతకు అందుతుంది

7. పొద్దున్నే పరమాన్నం

తలంట్లు అయ్యేలోపు ఇది అయిపోవాలి. దేవుడి దగ్గర పెట్టాక పుట్టినరోజు మనిషికి హారతి, పెద్దల అక్షతలు.

బియ్యం, పెసరపప్పు కడిగి, చెంచా నేతిలో పప్పు కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. అర లీటరు నీళ్ళలో ముప్పాతిక వంతు ఉడికాక పాలు పోసి, అడుగంటకుండా మెత్తగా ఉడికించండి. 40 నిమిషాలు పడుతుంది.

బెల్లం ఇక్కడే విరగ్గొడుతుంది. బెల్లంలో పులుపు ఉంటుంది, మరిగే పాలలో పడితే పాలు విరుగుతాయి. 100 మి.లీ. నీళ్ళలో కరిగించి, వడకట్టి, గోరువెచ్చగా చేసుకోండి. పరమాన్నం పొయ్యి మీంచి దించి 10 నిమిషాలు ఆగి కలపండి. తిరిగి పొయ్యి మీద పెట్టకండి. చివర్న నేతిలో వేయించిన జీడిపప్పు.

మధ్యాహ్నానికి నెయ్యి పేరుకుని ముద్దయిపోతుంది. ఒక గ్లాసు కాచిన పాలు పక్కన ఉంచుకుని, గోరువెచ్చగా కలిపితే జారుగా అవుతుంది.

8. రొయ్యల బిర్యానీ

హార్బరుకు 7 గంటలకల్లా ఒకరు బయల్దేరాలి. ఆదివారమైతే ఇంకా ముందు. తల ఒంటికి గట్టిగా అంటి, పొట్టు నిగనిగలాడుతూ ఉండాలి. తల వేలాడుతున్నా, నల్లమచ్చలున్నా, ఘాటు వాసన వచ్చినా వదిలేయండి. కిలోకు 40-50 తూగే సైజు బిర్యానీకి సరిపోతుంది. శుభ్రం చేశాక సుమారు సగమే మిగులుతుంది, ఆ లెక్కతోనే 2.25 కిలోలు.

డబ్బులిస్తే అక్కడే ఒలిచి ఇస్తారు. నడుం మీది నల్లదారం తీశారో లేదో ఇంటికొచ్చి చూసుకోండి. తలలు, పొట్టు పారేయనివ్వకండి.

1. తలలు, పొట్టు కడిగి, లీటరు నీళ్ళలో 20 నిమిషాలు మరిగించి వడకట్టండి. బిర్యానీకి అసలు రుచి ఈ నీళ్ళదే.
2. రొయ్యలకు చెంచాన్నర ఉప్పు, అర చెంచా పసుపు పట్టించి 10 నిమిషాలు ఉంచితే నీరు దిగుతుంది. ఆ నీరు పిండేయండి.
3. బియ్యం అరగంట నానబెట్టండి. పెద్ద తపేలాలో 5 లీటర్ల నీళ్ళు ఎసరు పెట్టండి. ఎసరు మరగడానికే 20 నిమిషాలు పడుతుంది, అందరూ మరిచే లెక్క ఇది. నీళ్ళు రుచి చూస్తే కూరలో ఉప్పు కంటే పిసరు ఎక్కువ ఉండాలి.
4. రెండో పొయ్యి మీద వెడల్పాటి గిన్నెలో 150 మి.లీ. నూనె, మసాలా దినుసులు, తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి, టమాటా, 2 పెద్ద చెంచాల కారం. నూనె తేలాక సెగ తగ్గించి చిలికిన పెరుగు, ఒకటిన్నర గ్లాసుల పొట్టు నీళ్ళు పోసి దగ్గరపడనివ్వండి.
5. రొయ్యలు ఆఖర్న. 3 నిమిషాలు. వంపు తిరిగి ఎర్రబడగానే సెగ ఆపేయండి. మిగిలిన ఉడుకు దమ్‌లో అయిపోతుంది. ఇక్కడ 8 నిమిషాలు ఉంచితే బల్ల మీదికి రబ్బరు వస్తుంది.
6. బియ్యం గింజ నొక్కితే మధ్యలో సన్నటి పలుకు తగిలేటప్పుడు వార్చి, రొయ్యల మీద పరిచి, వేయించిన ఉల్లి, పుదీనా, కొత్తిమీర, గరం మసాలా, 50 గ్రాముల నెయ్యి వేయండి. పెనం మీద గిన్నె పెట్టి, మూత బిగించి, సన్నటి సెగలో 15 నిమిషాలు. ఆపాక 10 నిమిషాలు మూత తీయకండి.

అడుగున నీరు మిగిలితే కారణం రెండో మెట్టు. రొయ్యల నీరు పిండలేదన్నమాట. మూత తీసి 5 నిమిషాలు సన్నటి సెగ మీద ఉంచండి, గరిటె మాత్రం పెట్టకండి.

నీచు లేని రోజైతే రెండు కాలీఫ్లవర్లు, అరకిలో ఒలిచిన బఠాణీ. పువ్వులను ముందే నూనెలో దోరగా వేయించాలి. మిగతా వరుస అదే, పొట్టు నీళ్ళకు బదులు బఠాణీ ఉడికించిన నీళ్ళు.

9. గారెలు

మినపగుళ్ళు 6 గంటలకు గోరువెచ్చని నీళ్ళలో వేస్తే 10కి రుబ్బుకోవచ్చు. నీళ్ళు చిలకరిస్తూ గట్టిగా రుబ్బండి. చిన్న ఉండ నీళ్ళలో వేస్తే తేలాలి. ఉప్పు గారెలు వేసేటప్పుడే కలపాలి, ముందే కలిపితే పిండి జారిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పిండి నేరుగా నూనెలో వేయకండి. నూనె వేడి పడిపోయి గారె నూనె తాగుతుంది.

10. రెండు పొయ్యిల వరుస

- 6:30: పెద్ద పొయ్యి పరమాన్నం, చిన్న పొయ్యి కాఫీ, పిల్లలకు ఉప్మా
- 9:30: పెద్ద పొయ్యి పొట్టు నీళ్ళు, చిన్న పొయ్యి ఖాళీ
- 10:00: రుబ్బడం, చిన్న పొయ్యి చిక్కుడుకాయ వేపుడు
- 10:50: పెద్ద పొయ్యి ఎసరు, చిన్న పొయ్యి బిర్యానీ మసాలా
- 11:40: చిన్న పొయ్యి దమ్, పెద్ద పొయ్యి ఖాళీ చేసి నూనె మూకుడు
- 12:00: గారెలు, పక్కన ఒకరు పెరుగుపచ్చడి
- 12:30: వడ్డన

దమ్ చిన్న పొయ్యి మీదే ఎందుకంటే, గారెలకు పెద్ద మంట కావాలి. తారుమారు చేస్తే బిర్యానీ అడుగంటుతుంది, గారెలు నూనె పీలుస్తాయి.

11. సాయంత్రం

ఆర్కే బీచ్‌లో ఫొటోలు అనుకుంటే 4:15కే ఇల్లు కదలండి. డిసెంబరులో 5:20-5:35 మధ్య పొద్దు వాలిపోతుంది. కేకు తిరిగొచ్చాకే. సముద్రపు గాలికి కొవ్వొత్తి వెలగదు, ఇసుక పూత మీద పడుతుంది.

మురీ మిక్చర్‌కు పొయ్యి అక్కర్లేదు, కానీ వడ్డించేటప్పుడే కలపాలి. మరమరాలు, వేరుశెనగలు ఒక గిన్నెలో, తరిగినవన్నీ ఇంకో గిన్నెలో ఉంచి, ఎవరి పొట్లం వారికి కలిపి నిమ్మకాయ పిండండి. ముందే కలిపిపెడితే పావుగంటలో మెత్తబడుతుంది. పెద్దవాళ్ళకు అరకు కాఫీ.

మిగిలిన బిర్యానీ గిన్నెలోనే సాయంత్రం దాకా వదిలేయకండి, చలికాలమైనా సరే. భోజనాలైన రెండు గంటల్లోపు వెడల్పాటి డబ్బాల్లో పలచగా సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రికి కావలసినంతే తీసి, నీళ్ళు చిలకరించి, మూత పెట్టి ఒక్కసారే వేడి చేయండి. రెండోసారి వేడి చేస్తే రొయ్య నమలడానికి రాదు.